నాగులకుంట బడిలో అభ్యాస తొడుగు

బుచ్చిలింగానికి జరిగిన నష్టానికి మొదటి బాధ్యుడు వేముల ఆగమయ్య, నాగులకుంట హైస్కూలు హెడ్మాస్టరు. పేరు దాచి లాభం లేదు.

2078లో పిల్లల మార్కులు నోటితో చెప్పి నమోదు చేయించడం నేరం. అంతకుముందు నలభై ఏళ్లు యంత్రాలతో మాట్లాడితే చాలు, పని అయిపోయేది. ఆ తర్వాత ఎవరి గొంతునైనా అచ్చుగుద్దినట్టు పలికే అనుకరణ యంత్రాలు వచ్చాయి. సారు సెలవులో ఉండగానే సారు గొంతుతో ఫెయిలైన వాళ్లు పాసయ్యారు. ప్రభుత్వం బెంబేలెత్తి పాత కీబోర్డులను మళ్లీ బళ్లకు పంపింది. ప్రతి టీచరూ తన వేళ్లతోనే మార్కులు కొట్టాలి. కానీ కీబోర్డు ఎటు తిప్పి పెట్టాలో వాళ్లలో ఒక్కరికీ తెలియదు.

నేర్పే పని బుచ్చిలింగానికి దక్కింది. ఎనిమిదో తరగతిలో బడి మానేసి, పాత సామాను కొట్టులో కీబోర్డులు బాగుచేస్తూ యాభై రెండేళ్లకు వచ్చిన మనిషి. అతను, నాడీ శాస్త్రవేత్త డాక్టర్ షహనాజ్ కలిసి 'అభ్యాస తొడుగు' తయారుచేశారు. చూడటానికి మామూలు గ్లౌజు. లోపల వెంట్రుకంత సన్నని ఎలక్ట్రోడ్లు. బుచ్చిలింగం వేళ్ల కదలికలను దాచుకుని, తొడుక్కున్నవారి నాడులకు చిన్న విద్యుత్ స్పందనలుగా అందిస్తుంది. అరగంటలో టైపు చేయడం, ఫైలు తెరవడం, సేవ్ చేయడం చేతికి పట్టుబడతాయి. పట్టుబడ్డాక ఇక పోవు.

"చెయ్యి ఎవరిదో గుర్తుపట్టే చిప్పు కూడా పెడదాం" అన్నది షహనాజ్.

"ఎందుకు మేడమ్? అరగంట గ్లౌజు ఏసుకుంటే ఎవలకు బరువు? చదువుకున్నోళ్లాయె!"

నలభై మంది టీచర్లూ పరీక్ష నెగ్గితే జిల్లా మొత్తం కాంట్రాక్టు అతనిదే. నెగ్గకపోతే హామీగా రాసిచ్చిన పొలం పోతుంది. ఒప్పందంలో ఇంకో మాట ఉంది: ప్రతి టీచరు పక్కనా శిక్షకుడు కూర్చుని సంతకం పెట్టాలి.

ఆగమయ్య అతణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి టీ తెప్పించాడు.

"గ్లౌజులు ఈడ వెట్టి పో బుచ్చిలింగం. మావోళ్లు వీలు జూసుకొని ఏసుకుంటరు. నలభై మంది పక్కన కూసుంటే నీకు ఎప్పుడు తెల్లారుతది?"

బుచ్చిలింగం టీ చల్లారేలోపు నలభై సంతకాలూ పెట్టేశాడు.

పది రోజుల తర్వాత పరీక్షక యంత్రం వచ్చింది. ముందుగా కూర్చున్న లెక్కల సారు కీల మీద చూపుడు వేలు ఆడిస్తూ 'క' ఎక్కడుందో వెతుకుతూనే ఉన్నాడు. తర్వాత వచ్చిన తెలుగు టీచరు స్క్రీను ముట్టుకుని చూసింది. బుచ్చిలింగం గుమ్మం దాకా వెళ్లి వచ్చాడు. ఒక్కచోట నిలబడలేకపోయాడు. అప్పుడు వినిపించింది, వరండాలోంచి, ఆగకుండా, టకటకా.

అటెండరు ఎల్లవ్వ. బియ్యం చాటను ఒళ్లో పెట్టుకుని, పది వేళ్లతో దాని మీద కొడుతోంది. బియ్యం నేలపాలవుతున్నాయి.

"ఆ గ్లౌజు ఎన్నిసార్లు ఏసుకున్నవవ్వా?" అడిగాడు బుచ్చిలింగం.

"సార్లందరి పేరు మీద నేనే ఏసుకున్న బిడ్డా. నలభై సార్లు. మాకు తీరిక లేదు, నువ్వు ఏసుకో అన్నరు. ఏ పనైనా నాకే జెప్తరు గదా." చేతులు చంకల్లో దూర్చుకుంది. అక్కడా వేళ్లు కదులుతూనే ఉన్నాయి. "ముద్ద నోట్లకు పోనిస్తలేవు. పండుకుంటే సాప మీద కొడ్తయ్. ఇంక ఆపు బిడ్డా వీటిని."

పరీక్ష చూడటానికి వచ్చిన షహనాజ్ ఆ చేతులు పట్టుకుని చూసింది. "ఒకరి చేతికి ఒక్కసారికే చేశాం. నలభై పొరలు తీయడం నా వల్ల కాదు."

వెనకే వచ్చిన ఆగమయ్య కిందపడ్డ బియ్యం దాటుకుని నిలబడ్డాడు. "పని నేర్సుకున్నది మా బడేనాయె. ఎవలు నేర్సుకుంటే ఏంది? మార్కులు ఎల్లవ్వ గొడ్తది."

అతణ్ణి తిట్టడానికి బుచ్చిలింగం నోరు తెరిచాడు. అంతలో లోపలి నుంచి పరీక్షక యంత్రం అడిగింది:

"శిక్షకుడు గారూ, ప్రతి టీచరు పక్కనా మీరు కూర్చున్నారా?"

బుచ్చిలింగం తలుపు వైపు తిరిగాడు.

"నలభై పత్రాల మీద సంతకాలు మీవి. మొత్తం పెట్టడానికి పట్టిన సమయం మూడు నిమిషాలు."

తెరిచిన నోరు మూసుకున్నాడు. ఎల్లవ్వ ముందు కూర్చుని ఆమె రెండు చేతులూ తన చేతుల మధ్య గట్టిగా అదిమి పట్టాడు. వేళ్లు ఆగలేదు.

ఆ నెల నలభై మంది పేర్ల మీదా మార్కులు ఎల్లవ్వే కొట్టింది. జిల్లాలో అందరికంటే ముందు నమోదు చేసిన బడి నాగులకుంటదే. ఆగమయ్యకు శాలువా కప్పారు.

అదే వారం సర్వేయరు వచ్చి బుచ్చిలింగం పొలం గట్ల మీద రాళ్లు పాతించాడు. పోయింది ఎకరా ఇరవై మూడు గుంటలు.