ఊపిరి బిగబట్టే అత్తగారు

ఉదయాన్నే అత్తగారు కుట్టుమిషను ముందు కూర్చుని ఎవరిదో చొక్కాకు కాలరు కుడుతోంది. పళ్ళ డాక్టరు దగ్గర పనిచేసే కోడలు, సంచీ భుజాన వేసుకుని గుమ్మంలో ఆగింది.

“అత్తయ్యా, క్లినిక్ పక్కనే ఇల్లు దొరికింది. వచ్చే నెల మేమక్కడికి మారదామనుకుంటున్నాం.”

మిషను ఆగింది. అత్తగారు ఊపిరి బిగబట్టింది. కాసేపటికి గుండె మీద చెయ్యి వేసుకుంది.

“మళ్ళీ దడగా ఉందమ్మా.”

వేరు కాపురం మాట ఎత్తినప్పుడల్లా ఇదే వరస. కొడుకు వెంటనే “ఇప్పుడొద్దులే” అనేవాడు. ఆ పూట అతను అప్పటికే పనికి వెళ్ళిపోయాడు.

“ఇల్లు మారే మాట వస్తేనే దడ వస్తుందా మీకు? ఎన్నాళ్ళీ నాటకం?” అంది కోడలు.

అత్తగారు నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంది. ముఖం పాలిపోయింది. పక్కకు ఒరిగిపోతుంటే కోడలు చప్పున చెయ్యి పట్టుకుంది. వేళ్ళ కింద నాడి పరుగెత్తి, తడబడి, ఓ క్షణం ఆగి, మళ్ళీ పరుగెత్తుతోంది. అలాంటి నాటకం ఎవరూ ఆడలేరు.

ఆసుపత్రిలో పరీక్షలయ్యాక డాక్టరమ్మ చెప్పింది. “గుండె లయ తప్పుతోంది. ఆందోళన పడితే నరాలు గుండెను ఇంకా తరుముతాయి. ఊపిరి నిదానంగా వదిలితే కొంత నెమ్మదిస్తాయి. అలాగని మందులు మానకూడదు. మాట్లాడేటప్పుడు ఊపిరి బిగబడతారా?”

“మాట్లాడేటప్పుడు కాదండీ, మాట మింగేటప్పుడు” అంది అత్తగారు.

కోడలు తల దించుకుంది.

ఇంటికొచ్చాక కోడలు ఆవిడ మంచం అంచున కూర్చుంది. “ఆ మింగిన మాటేంటో చెప్పండత్తయ్యా. తిట్టినా పడతాను.”

అత్తగారు ఊపిరి నెమ్మదిగా వదిలింది. “వెళ్ళొద్దంటే గయ్యాళి అత్తనవుతాను. వెళ్ళమనడానికి నోరు రాదు. వాడా, అడిగిన దానికి ఊఁ కొట్టే రకం. నువ్వు కూడా వెళ్ళిపోతే ఈ ఇంట్లో నాతో పోట్లాడేదెవరే?”

కోడలికి నవ్వొచ్చింది. సగంలోనే అది ఏడుపయింది. “నాటకమన్నాను...”

“అన్నావు. నేను నోరు విప్పి ఉంటే అనేదానివి కాదు.”

అనుకున్నట్టే వాళ్ళు ఇల్లు మారారు. అత్తగారి దడ తగ్గింది గానీ, పూర్తిగా పోలేదు. దడ వచ్చిన రోజున దాచుకోకుండా ముందు కోడలికే ఫోను చేస్తుంది.

“బయల్దేరాను. ఊపిరి బిగబట్టకండి. ఏదో ఒకటి తిడుతూ ఉండండి, వింటున్నా” అంటుంది కోడలు.