తాళ్ల కొట్టంలో వెనకడుగులు

బోస్టన్ రేవులో జనం హడలిపోయే చోటు ఇంగ్లండు రాజుగారి ఎర్రకోటు సిపాయిల కాపలా గది అనుకుంటున్నారేమో... కాదు. సిపాయిల్ని మావాళ్లు పట్టపగలే తిట్టిపోసేవాళ్లు, మంచుముద్దలు పెట్టి కొట్టేవాళ్లు కూడా. కానీ చీకటి పడ్డాక తాళ్ల కొట్టం పక్కనుంచి నడిచి రమ్మంటే మాత్రం, అంతటి వీరులకీ ఇంట్లో ఏదో పని గుర్తొచ్చేది.

ఓడల మోకులు పేనే కొట్టం అది. వీధి పొడుగునా ఉంటుంది. ఒక కొసన పెద్ద చక్రం. ఒకడు నిలబడి దాన్ని తిప్పుతుంటే, నూలు తీసేవాడు నడుముకి జనపనార చుట్టుకుని, కొస చక్రానికి తగిలించి, పురెక్కే నూలుని వేళ్ల సందునుంచి వదులుతూ వెనక్కి... వెనక్కి నడుస్తాడు.

ఆ చలికాలం పని అడగడానికి వచ్చిన ఓ సిపాయిని అక్కడివాళ్లు ఎగతాళి చేశారు. వాడు పోయి తోటి సిపాయిల గుంపుని వెంటేసుకొచ్చాడు. కర్రలు లేచాయి. నూలు తీసే జేబెజ్ ఓ సిపాయి చెయ్యి విరగ్గొట్టి, గోడ దూకి పారిపోయాడు. అతను పోయాక, అదే కొట్లాటలో చక్రం తిప్పే ముసలి ఓబెడ్ తల పగిలి ఆ చక్రం కిందే ప్రాణం వదిలాడు. యజమాని కొట్టానికి తాళం వేశాడు. జేబెజ్ దొరికితే ఉరే అంటూ సిపాయిలు ఇల్లిల్లూ గాలించారు.

కొన్నాళ్లకి మొదలైంది. రాత్రిళ్లు లోపల చక్రం కిర్రుమంటోందట... ఎవరో వెనక్కి నడుస్తున్న చప్పుడట... ఓబెడ్ దెయ్యమై తిరుగుతున్నాడని ఊరంతా తేల్చేసింది.

జేబెజ్ పెళ్లాం కెజయా మా పిన్నికి పక్కింటావిడ. ఈ సంగతంతా ఆవిడే పిన్నికి చెప్పింది. ఊరు భయపడ్డ మాటే ఆవిడకి ఆశ పుట్టించిందట. ఓబెడ్ తన జన్మలో ఎప్పుడు వెనక్కి నడిచాడు? ఆయన పని నిలబడి చక్రం తిప్పడం. నడిచేది నూలు తీసేవాడు. అంటే లోపలున్నది దెయ్యం కాదు, తన మొగుడు!

ఆ రాత్రే, సముద్రం పోటెత్తగానే ఆవిడ అన్న పడవ బయల్దేరుతోంది. ఆలోగా మొగుణ్ణి ఎక్కిస్తే బతుకుతాడు. ఆవిడ చక్రానికి దూరంగా, అవతలి కొసన గోడకి ఊడిన చెక్కపలక తప్పించి లోపలికి దూరింది.

దీపం లేదు. తారూ నారా ఉన్నచోటికి నిప్పు తేవడం మహాపాపం. పలకల సందుల్లోంచి పడే మసక వెన్నెల తప్ప అంతా చీకటి... దూరంగా కిర్ర్... కిర్ర్... తర్వాత అడుగులు. వేళ్లు ముందు, మడమ తర్వాత. తెల్లటి వీపొకటి ఆవిడ వైపే వస్తోంది. మొహం అటుంది. బయట గస్తీ సిపాయిలున్నారు, పిలవడానికి లేదు. ఒకవేళ తను అనుకున్నది తప్పయితే...

వీపు దగ్గరికొచ్చింది. కళ్లు మూసుకుని భుజం మీద చెయ్యి వేసింది. మంచుగడ్డలా ఉంది.

"నువ్వేంటే ఇక్కడ?"

జేబెజే. గెడ్డం మాసి, బుగ్గలు పీక్కుపోయి... అతని గుండెల మీద గుద్ది గుద్ది ఏడ్చింది ఆవిడ. ఇన్నాళ్లూ నార గుట్టలో దాక్కున్నాడట. నిప్పు రాజేసే వీల్లేదు, ఊరికే కూర్చుంటే చలికి బిగుసుకుపోవడమే. అందుకే నూలు తీస్తూ తిరుగుతున్నానన్నాడు.

ఆవిడకి నవ్వొచ్చింది. దెయ్యమట, దెయ్యం! నవ్వుతూనే ఆగిపోయింది. మొగుడు తన ముందే నిలబడ్డాడు. అవతలి కొసన మాత్రం... కిర్ర్... కిర్ర్...

"జేబెజ్... ఆ చక్రం తిప్పేదెవరు?"

"ఓబెడ్ మావ. రోజూ చీకటి పడగానే వస్తాడు. ఒక్క ముక్క మాట్లాడడు. వదిలేసి పారిపోయానని కోపమేమో."

ఓబెడ్ శవపేటిక మీద మట్టి వేసొచ్చిన మనిషి కెజయా.

పద పోదామని చెయ్యి పట్టి లాగింది. అతను కదల్లేదు. ముసలాయనకి చెప్పకుండా రెండోసారి కూడా పోతే బాగోదన్నాడు. చక్రం వైపు అడుగు వేశాడు. ఆవిడ చొక్కా పట్టుకుని ఆపింది... చీకట్లోకి తిరిగింది.

"ఓబెడ్ మావయ్యా... వీణ్ణి ఇంటికి తీసుకుపోతున్నాను. నీ కాళ్లు పట్టుకుంటాను, వదిలెయ్యి."

చక్రం ఆగింది.

మొగుణ్ణి పలక సందులోకి నెట్టింది. అతను ఒక కాలు బయట పెట్టాడో లేదో... కిర్ర్. నడుముకున్న నూలు బిగిసింది. జేబెజ్ ఒక అడుగు లోపలికి వచ్చాడు. ఇంకో అడుగు.

"చూశావా, రమ్మంటున్నాడు," అన్నాడు ముచ్చటగా.

కెజయా వంగి ఆ నూలుని పళ్లతో పట్టి కొరికింది. చిగుళ్లు చీరుకుపోయాయి, నోట్లో నెత్తురూ తారూ కలిశాయి. చివరికి తెగింది. తెగిన కొస నేల మీద జరజరా పాకుతూ చీకట్లోకి పోయింది... అవతల ఎవరో ఆత్రంగా చుట్టుకుంటున్నారు.

ఆ కొసకి మనిషి లేడని అవతలివాడికి తెలిసేలోగా అన్న పడవ చేరాలి. మొగుడి చెయ్యి పట్టుకుని పరిగెత్తింది.