దలాకు దాటిన సిలిండర్లు

సైలెన్సర్ బిగించిన తుపాకీ చప్పుడు బర్మాలోని పబేడాన్ బజారు రొదలో ఎవరికీ వినపడలేదు. టీ దుకాణంలో హ్తెట్ ఆంగ్ మెల్లగా బల్ల మీదికి వాలిపోయాడు. ఎదురుగా కూర్చున్న సూరి చటుక్కున లేచి అతణ్ణి పట్టుకున్నాడు.

"ఆక్సిజన్ కాదు... సగం... నైట్రోజన్..."

అంతే. హ్తెట్ ఆంగ్ గ్యాస్ కంపెనీ ఇంజనీరు. ఢిల్లీ గూఢచారి సూరికి రహస్యంగా సమాచారం అందించేవాడు. ఏ సగమో చెప్పకుండానే ప్రాణం వదిలాడు. జనం పోగయ్యేలోపు సూరి పక్క సందులోకి జారుకున్నాడు.

పజుండౌంగ్ పేటలోని సేఫ్ హౌస్‌లో శాటిలైట్ ఫోన్ మోగింది. ఢిల్లీ నుంచి చీఫ్ హరినాథ్. హ్తెట్ ఆంగ్ చివరి మాటలు సూరి అతనికి చెప్పాడు.

"క్లుప్తంగా చెప్తాను, విను. కోవిడ్ రెండో ఏడు ఆ ఊళ్ళో జనం ఖాళీ సిలిండర్లు మోసుకుంటూ వీధివీధీ తిరిగారు. ఆ దెబ్బ నుంచి ఇంకా తేరుకోలేదు. దానికి తోడు యుద్ధం. ఇన్నాళ్ళకి పోరాడే రెండు పక్షాలూ ఒక్క మాటకి ఒప్పుకున్నాయి. వైద్యం పడవల్ని ఎవరూ ఆపకూడదు. ఆ ఒప్పందంతో లేచిన ఆసుపత్రిని ఇవాళ నది అవతల దలాలో తెరుస్తున్నారు. రెండు వైపుల రోగులూ ఒకే వార్డులో. హ్తెట్ ఆంగ్ కంపెనీ సిలిండర్లు చేరింది అక్కడికే."

"వాళ్ళు చచ్చిపోతే?"

"ఒకరి మీద ఒకరు నెపం వేసుకుంటారు. మళ్ళీ తుపాకులు. అవి అమ్ముకునేది హెరాన్ ముఠా. సిలిండర్లు మార్చిందీ వాళ్ళే."

"అన్నీ ఆపించేద్దామా, సార్?"

"ఆపితే, కరెంటు పోయిన క్షణాన ఆ రోగులకి వేరే ఊపిరి లేదు. మంచి సగం ఏదో కనిపెట్టు."

నైట్రోజన్‌కు రంగు లేదు, వాసన లేదు. దాన్ని పీల్చినవాడు గింజుకోడు కూడా. నిద్ర పట్టినట్టే పోతాడు. సూరి టెక్నీషియన్ల నీలం ఓవరాల్ తొడుక్కుంటూ ఆ సంగతే తలుచుకున్నాడు.

దలా ఫెర్రీలో చేపల బుట్టల మధ్య ఆమె నిలబడి ఉంది. నల్ల కళ్ళద్దాలు, ఎర్రటి పట్టు లుంగీ, పెదవుల మీద అంతకంటే ఎర్రటి రంగు.

"ఇవాళ చేప దొరుకుతుందా?" అన్నాడు సూరి, కోడ్ ప్రకారం.

"గాలి మారితే దొరుకుతాది."

ఖిన్ ఖిన్. తల్లి పజుండౌంగ్ తెలుగావిడ, తండ్రి బర్మీయుడు. గ్యాస్ కంపెనీలో పబ్లిక్ రిలేషన్స్ ఆఫీసర్. హెరాన్ ముఠాలో ఉంటూ ఢిల్లీకి కబుర్లు చేరవేసే డబుల్ ఏజెంట్.

"నైట్రోజన్ ఏ సగంలో?"

"ఎడం పక్క వరస. అది మూసీ, కుడి వరస తిప్పు, కో సూరి," అంది, బర్మీయుల పద్ధతిలో 'అన్నా' అని పిలుస్తూ.

"నమ్మొచ్చా?"

"కోవిడ్‌లో మా అమ్మ గాలి అందక పోనాది. ఊపిరంటే ఏటో నాకు తెలీదా?"

ఆమె కళ్ళద్దాలు తీయలేదు. నది మీదికి మబ్బు నల్లగా దిగుతోంది.

ఆసుపత్రి వార్డు కిటకిటలాడుతోంది. గోడవారగా, కుడివైపొక వరస, ఎడమవైపొక వరస, ఒకే రంగు సిలిండర్లు. సూరి పెన్నులాంటి గ్యాస్ ఎనలైజర్ జేబులోంచి తీశాడో లేదో, దీపాలన్నీ ఆరిపోయాయి. జనరేటర్ దగ్గిన చప్పుడు చేసి ఆగిపోయింది.

"బాబూ, గాలి మెషీన్లు ఆగిపోనాయి!" అని నర్సు దేముడమ్మ కేక పెట్టింది. "గాలి తిప్పండి, ఎంటనే!"

మంచం మీద ఒక ముసలమ్మ మాస్కును రెండు చేతులా అదుముకుని ఎగశ్వాస తీస్తోంది. పరీక్షకు వ్యవధి లేదు. సూరి ఎడమ వరస మూసేశాడు. కుడి వాల్వు మీద చెయ్యి వేశాడు.

సూరి వెంట వచ్చిన ఖిన్ ఖిన్ గుమ్మం దగ్గర నిలబడి ముసలమ్మనే చూస్తోంది. కళ్ళద్దాలు ఎప్పుడు జారిపోయాయో ఆమెకే తెలియదు.

"వద్దు!" అని అరిచింది. "కుడి కాదు, ఎడమే మంచిది! నీతో అబద్ధం చెప్పేను!"

ఒకసారి అబద్ధమాడిన నోరు. ఇప్పుడు చెప్పేది నిజమా? సూరి తల తిప్పి ఆమె ముఖం చూశాడు. ఆమె చూపు అతని మీద లేదు. ముసలమ్మ మీదే ఉంది. ఆ కళ్ళలో నటన లేదు.

అతను ఎడమ వాల్వు తిప్పాడు.

అదే క్షణంలో గుమ్మం పక్కనున్న సెక్యూరిటీ గార్డు పిస్తోలు తీశాడు. గురి సూరి మీద కాదు, ఖిన్ ఖిన్ మీద. ఒక్క గుండు పేలింది. రెండోది పేలేలోపు సూరి వాడి మీదికి దూకి మణికట్టు విరిచేశాడు. బట్టల కింద హెరాన్ ముఠా పచ్చబొట్టు బయటపడింది.

ముసలమ్మ వేలికున్న ఆక్సీమీటర్‌లో అంకె ఒక్కొక్కటే పైకి పాకసాగింది. దేముడమ్మ దండం పెట్టుకుంది.

నేల మీద ఖిన్ ఖిన్ ఛాతీ పట్టుకుని రొప్పుతోంది. సూరి మోకాళ్ళ మీద కూర్చుని ఆమె తల ఎత్తి పట్టుకున్నాడు.

"ఎందుకు చేశావిలా?"

"అమ్మకి ఒక్క సిలిండర్ ఇమ్మని రెండు పక్షాల గుమ్మాలూ తిరిగేను. ఎవులూ ఇవ్వలేదు. అందరూ చావాలనుకున్నాను." ఆమె కళ్ళు మూతలు పడుతున్నాయి. "ఆ మామ్మ అచ్చం అలాగే గాలికి గింజుకుంటే... చూళ్ళేకపోనాను."

డాక్టర్లు ఆమెను ఎత్తుకుని లోపలికి పరుగెత్తారు.

సాయంత్రం హరినాథ్ ఫోన్ చేశాడు.

"ఆసుపత్రి?"

"నడుస్తోంది, సార్. కుడి వరస సీలు చేయించాను."

"గుడ్. ఇంతకీ ఆ ఖిన్ ఖిన్ ఎవరి మనిషి? మనదా, హెరాన్‌దా?"

సూరి వార్డులోకి తొంగి చూశాడు.

"ప్రస్తుతానికి డాక్టర్ల మనిషి, సార్. మాస్కు తీసేదాకా మాట్లాడొద్దన్నారు."