తొమ్మిదో గింజ

"తొంభై ఎనిమిది, తొంభై తొమ్మిది, వంద!"

సాబెరా హ్యాండిల్ ఆపింది. ఒక చింతగింజ తీసి గిన్నెలో వేసింది. అది నాలుగోది. ఇంకా పదకొండు వేయాలి.

బల్ల అంచుకు ఒక చేతి డ్రిల్లు బిగించి ఉంది. చిల్లులు పెట్టడానికి కాదు. దాని మూతికి అగ్గిపెట్టె కంటే కొంచెం పొడుగున్న చెక్క బాబిన్ తగిలించారు. హ్యాండిల్ ఒకసారి తిప్పితే బాబిన్ నాలుగుసార్లు తిరుగుతుంది. తిరిగినప్పుడల్లా దానికి వెంట్రుక కంటే సన్నని రాగి తీగ చుట్టుకుంటుంది. తిప్పేది సాబెరా. తీగను రెండు వేళ్ల మధ్య పట్టి, వరస తప్పకుండా పరిచేది ఎలిశిబా.

నూరు తిప్పులకు ఒక గింజ. పదిహేను గింజలైతే ఆరువేల చుట్లు. నమ్మకపోతే మీరే లెక్క వేసి చూసుకోండి.

"జర నెమ్మదిగ తిప్పు సాబెరా, తీగె తెగుతది," అన్నాడు రషీద్. అతను సాబెరా వాళ్ల అన్న. మెదక్ బస్టాండు దగ్గర ఆ రేడియో దుకాణం అతనిదే.

"నా చేతిల తెగదు రషీద్ భాయ్," అంది ఎలిశిబా, తల ఎత్తకుండానే.

"తెగితే తప్పేం లేదు. నా చేతిల ఎన్నిసార్లు తెగలే? తెగితే మాత్రం నన్ను పిలువు. నువ్వేం చెయ్యకు."

"తెగదంటున్న గదా!"

పదేళ్ల పిల్లకు అంత ధీమా ఎక్కడిదంటారా? వాళ్లమ్మ సౌభాగ్యమ్మ కుట్టుమిషన్ దగ్గరిది. దారం తెగితే ముడి వేసే పని ఎలిశిబాదే. ఆ ముడి ఎక్కడుందో ఎంత వెతికినా కనబడదు. "మా ఎల్షి ముడేస్తే ఆ దేవునికే కనవడాలె" అని సౌభాగ్యమ్మ వచ్చిన వాళ్లందరికీ చెప్పుకునేది. రోజూ అలా వింటుంటే ఎవరికైనా కాస్త గర్వం వస్తుంది మరి.

ఇంతకీ వాళ్లు చేస్తున్నది బేస్ గిటారు. కొంటున్నది కాదు, చేస్తున్నది. డెబ్బై మూడులో మెదక్‌లో బేస్ గిటారు ఎక్కడ దొరుకుతుంది? ఎలిశిబా వాళ్లన్న రిచర్డ్ సికింద్రాబాద్‌లో ఒక చర్చిలో దాన్ని మొదటిసారి విన్నాడు. ఇంటికొచ్చి వారం రోజులు అదే మాట.

"దాని సప్పుడు చెవులకు గాదమ్మా, కడుపుల తగుల్తది!"

"మరి గిటారుకు ఆరు తీగెలుంటయి గద. దీనికి నాలుగే అంటివి. మిగిలిన రెండు ఏడికి వోయినయిరా?" అని అమ్మ నవ్వింది.

రిచర్డ్ వడ్రంగి పని నేర్చినవాడు. విరిగిపోయిన చర్చి బెంచీ ఒకటి అడిగి తెచ్చుకున్నాడు. మంచి టేకు. మూడు నెలలు కోసి, చెక్కి, రుద్ది, గిటారు చేశాడు. లక్క పాలిష్ ఏడు పూతలు పట్టించాడు. సికింద్రాబాద్‌లో వాయించే ఆయన్ని బతిమాలి పాత తీగలు తెచ్చుకున్నాడు. ఇక దానికి గొంతు కావాలి. ఆ గొంతే ఈ బాబిన్. గిటారు తీగలు ఊగితే, కింద అయస్కాంతం మీద కూర్చున్న ఈ రాగి చుట్లు ఆ ఊపును కరెంటుగా మార్చి పెద్ద రేడియోలోకి పంపుతాయి. రేడియో గట్టిగా పలుకుతుంది.

క్రిస్మస్ ముందు ఆదివారం చర్చిలో పాటల కార్యక్రమం ఉంది. క్వయిర్ నడిపే జకరయ్య సారు ఒక్కటే మాట అన్నాడు. "శుక్రవారం ప్రాక్టీసుల పలికితే ఆదివారం పెడదాం. పలకకపోతే ఎప్పటిలెక్కనే హార్మోనియం."

అంటే ఇంకా ఆరు రోజులే.

ఎనిమిదో గింజ పడింది. రషీద్ నమాజుకు వెళ్లాడు. కాసేపటికి సాబెరా కూడా లేచింది.

"అమ్మీ చాయ్ పెట్టింటది. తెస్త. నేనొచ్చేదాక ముట్టకు!"

ఎలిశిబా ఎంతసేపు ముట్టకుండా ఉందో తెలుసా? చింతగింజలు ఒకసారి లెక్కపెట్టేంతసేపు. తర్వాత కుడిచేత్తో హ్యాండిల్ పట్టుకుంది. ఎడమచేత్తో తీగ పట్టుకుంది. రెండు పనులూ తనే చేస్తే సాబెరా వచ్చేసరికి తొమ్మిదో గింజ అయిపోతుంది. వచ్చి చూసి నోరు వెళ్లబెట్టాలి!

బాగానే తిరిగింది. తొంభై నాలుగు, తొంభై ఐదు. ఇంకొంచెం జోరుగా తిప్పింది.

టప్.

చాలా చిన్న చప్పుడు. వేళ్ల మధ్య తీగ ఒక్కసారి వదులైపోయింది.

ఎలిశిబా వాకిలి వైపు చూసింది. ఎవరూ లేరు. "నా చేతిల తెగదు" అని ఎంత గట్టిగా అంది! ఇప్పుడు రషీద్ భాయ్ వస్తే ఏమని చెప్పాలి? సాబెరా నవ్వదూ?

రెండు కొసలూ దగ్గరికి తెచ్చింది. అమ్మ నేర్పిన ముడి వేసింది. లాగి చూసింది, గట్టిగానే ఉంది. మిగిలిన కొసలు గోటితో తుంచి, దాని మీద నుంచి ఐదు తిప్పులు తిప్పింది. ముడి మాయమైంది. తొమ్మిదో గింజ గిన్నెలో వేసింది.

సాబెరా చాయ్ తెచ్చింది. "అరె, అప్పుడే తొమ్మిదా!" అని నిజంగానే నోరు వెళ్లబెట్టింది. కానీ ఎలిశిబాకు అనుకున్నంత సంతోషం కలగలేదు.

సాయంత్రానికి పదిహేను గింజలూ అయ్యాయి. తీగలో కరెంటు పారుతోందో లేదో రషీద్ మీటరు పెట్టి చూశాడు. ముల్లు కదిలింది. "శభాష్!" అన్నాడు. ఎలిశిబా గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది.

రషీద్‌కు ఒక అలవాటు ఉంది. ఏ రేడియో విప్పినా, లోపల ఒక చిన్న చీటీ అంటిస్తాడు. ఎవరు చేశారు, ఏం చేశారు, ఏ రోజు చేశారు, అన్నీ అందులో ఉంటాయి. "రేపు ఇంకొకడు ఇప్పితే వానికి తెల్వాలె గదా" అంటాడు.

"చుట్టింది మీరు. మీరే రాయుండ్రి," అని ఎలిశిబాకు పెన్సిలు ఇచ్చాడు.

చుట్టింది: ఎలిశిబా, సాబెరా. చుట్లు: ఆరువేలు.

"అతుకులెన్ని?" అని అడిగాడు రషీద్.

పెన్సిలు ఒక్క క్షణం ఆగింది.

అతుకులు: లేవు.

శుక్రవారం సాయంత్రం క్వయిర్ వాళ్లంతా చర్చి కాంపౌండులోని హాల్లో చేరారు. రిచర్డ్ దుప్పటి విప్పి గిటారు బయటికి తీశాడు. పాలిష్ తళతళలాడుతోంది. రషీద్ పెద్ద రేడియో మోసుకొచ్చి వెనక వైరు గుచ్చాడు. పిల్లలిద్దరూ ముందు బెంచీ మీద కూర్చున్నారు.

రిచర్డ్ లావు తీగ మీటాడు.

ధుమ్మ్!

బెంచీ అదిరింది. ఎలిశిబాకు నిజంగానే కడుపులో తగిలింది. అందరూ "ఓహో" అన్నారు. రిచర్డ్ ముఖం వెలిగిపోయింది. మళ్లీ మీటాడు. ధుమ్మ్! మూడోసారి మీటాడు.

గర్ర్... గర్ర్... అంతే. ఇక పలకలేదు.

"వీళ్లు చుట్టిన కాయిల్ మంచిగనే ఉంది. నేను మీటరు వెట్టి చూసిన," అన్నాడు రషీద్. "రేడియోలనే ఏదో అయింది."

రేడియో వెనక అట్ట విప్పాడు. ఒక వాల్వు మార్చాడు. వైర్లు మళ్లీ అతికాడు. ఒకసారి పలికేది, వెంటనే ఆగిపోయేది. గంట గడిచింది. అతని చొక్కా చెమటకు తడిసింది.

చివరికి జకరయ్య సారు గొంతు సవరించుకున్నాడు. "పోనియ్ రిచర్డూ. ఈసారికి హార్మోనియంతోనే కానిద్దాం. వచ్చే ఏడు చూద్దాం."

రిచర్డ్ గిటారును బట్టతో తుడిచి దుప్పటి చుట్టడం మొదలుపెట్టాడు.

"తప్పు నాదే సారు," అన్నాడు రషీద్. "పాపం, మూన్నెల్లు రాత్రనక పగలనక చేసిండు. నా చేతికే పని రాదు."

ఎలిశిబాకు ఆ మాట తట్టుకోవడం కష్టమైంది. రషీద్ భాయ్ చేతికి పని రాదా? మెదక్‌లో సగం రేడియోలు ఆయన చేతి మీదనే పలుకుతున్నాయి. నోరు తెరవబోయింది.

అంతలో పక్కన వెక్కిళ్లు వినిపించాయి. ఏడుస్తున్నది సాబెరా.

"భయ్యా, తప్పు నీది గాదు, నాది. ఏడో గింజ కాడ నేను లెక్క మర్చిపోయిన. ఎనభై అయినంక డెబ్బై నుంచి మల్ల లెక్కవెట్టిన. భయమై చెప్పలే."

రషీద్ అంత బాధలోనూ నవ్వాడు. "అరె పాగల్! పది తిప్పులు ఎక్కువైతే ఏం గాదు. దానికి ఏడుస్తరా?"

ఇక ఎలిశిబా కూర్చోలేకపోయింది. లేచి వెళ్లి రేడియో ముందు నిలబడింది.

"రషీద్ భాయ్, రేడియో ఇప్పకు. అది మంచిగనే ఉంది. తొమ్మిదో గింజ కాడ తీగె తెగింది. సాబెరా లేదు, నేనొక్కదాన్నే ఉన్న. ముడేసిన. చీటిల లేవని రాసిన."

రిచర్డ్ దుప్పటి చుట్టడం ఆపాడు.

"వారం సంది తెలిసి నోరు మూసుకున్నవా?" రిచర్డ్ గొంతు పెరిగింది. ఎలిశిబా తల దించుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

రషీద్ అరవలేదు. కానీ అతని ముఖంలో నవ్వు పోయింది. "ముడేసినందుకు నాకు కోపం లేదు ఎల్షీ. చీటిల అబద్ధం రాసినవ్. నేను ఆ చీటిని నమ్మిన."

అరిచినా అంత నొప్పి పుట్టేది కాదు.

రషీద్ ఆమె దగ్గరికి వంగాడు. "తొమ్మిదో గింజ కాడనేనా? పక్కానా?"

"పక్కా. ఇంక ఐదు తిప్పులుంటే గింజ అయిపోతుండె."

రషీద్ లేచి నిలబడ్డాడు. గొంతులో ధైర్యం వచ్చేసింది. "ఆరువేల చుట్లల్ల ఎక్కడుందో నాకు తెల్వకపోయేది. ఇప్పుడు తెలిసింది. సారు, ఒక్క రోజియ్యుండ్రి."

జకరయ్య సారు ఎలిశిబా వైపు చూశాడు. "రేపు సాయంత్రం ఆరింటిదాకా. అంతే."

శనివారం బడి అవగానే ఇద్దరూ దుకాణానికి పరుగెత్తారు. ఈసారి హ్యాండిల్ వెనక్కి తిప్పారు. ఆరు గింజల తీగంతా మళ్లీ రీలుకు ఎక్కింది. ఎలిశిబా వేళ్లతో తడుముతూ "ఇగో" అంది.

రషీద్ భూతద్దం పెట్టి చూశాడు. "ముడి మాత్రం మస్తుగేసినవ్. నాకే కనవడ్తలేదు. చూడు, దారం వేరు, ఇది వేరు. ఈ తీగె మీద సన్నటి పూత ఉంటది. అది గీకకుంట ముడేస్తే, కొసలు తాకినప్పుడే కరెంటు పారుతది. గిటారు అదిరితే కొసలు కదుల్తయి, సప్పుడు బందయితది."

రిచర్డ్ ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాడు. ఇంకా మాట్లాడటం లేదు. ఎలిశిబా బ్లేడుతో రెండు కొసలూ మెల్లగా గీకింది. లోపలి రాగి మెరిసింది. రషీద్ సీసం కరిగించి సోల్డర్ పెట్టి, పైన చిన్న కాగితం ముక్క చుట్టాడు. మళ్లీ తిప్పడం మొదలైంది. తిప్పేది సాబెరా, పరిచేది ఎలిశిబా.

పది. పదకొండు. పన్నెండు. గడియారం నాలుగున్నర చూపిస్తోంది. జకరయ్య సారు వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. అందరి కళ్లూ ఎలిశిబా వేళ్ల మీదే ఉన్నాయి. చెమట పట్టిన వేళ్లు తీగను కొంచెం గట్టిగా నొక్కాయి.

టప్.

ఎలిశిబా తెగిన కొస పట్టుకుని చెయ్యి పైకెత్తింది.

"తెగింది! రషీద్ భాయ్, తెగింది! నా చేతిలనే తెగింది!"

జకరయ్య సారు ఉలిక్కిపడ్డాడు. వీధిలో పోతున్న సైకిలాయన కాలు కింద పెట్టి లోపలికి చూశాడు.

"తెగితే గంత గట్టిగ ఒర్లుతరా?" అన్నాడు రషీద్ చెవులు మూసుకుని.

"నువ్వే పిలువుమన్నవ్ గదా!"

స్టూలు మీద నుంచి రిచర్డ్ పకపకా నవ్వాడు. నిన్నటి నుంచి అతను నవ్వడం అదే మొదలు. లేచి వచ్చి బ్లేడు అందించాడు. "తియ్యి, గీకు. నేను పట్టుకుంట."

ఐదున్నరకు పదిహేనో గింజ పడింది. రషీద్ పాత చీటీ పీకేసి కొత్త కాగితం ఇచ్చాడు. ఈసారి ఎవరూ ఏమీ అడగలేదు. ఎలిశిబా పెన్సిలు నాలుక మీద తడి చేసుకుని రాసింది.

చుట్టింది: ఎలిశిబా, సాబెరా. చుట్లు: ఆరువేలు. అతుకులు: రెండు. తొమ్మిదో గింజ కాడ ఒకటి, పదమూడో గింజ కాడ ఒకటి. రెండుసార్లు తెగింది నా చేతిలనే. ఎలిశిబా.

రషీద్ రెండుసార్లు చదివాడు. బాబిన్ కింద అంటించి, దాన్ని గిటారులో కూర్చోబెట్టి, పైన రేకు పెట్టి, మరలు బిగించాడు. రిచర్డ్ లావు తీగ మీటాడు. ధుమ్మ్! మళ్లీ మీటాడు. మూడోసారి, నాలుగోసారి, ఇరవయ్యోసారి కూడా పలికింది. చాయ్ గ్లాసులు బల్ల మీద గలగలమన్నాయి. జకరయ్య సారు గడియారం చూసుకోవడం మర్చిపోయాడు.

ఆదివారం చర్చి నిండిపోయింది. రషీద్, సాబెరా కూడా వచ్చి ఎలిశిబా పక్కనే కూర్చున్నారు. పాట మొదలైంది. రిచర్డ్ వేళ్లు కదలగానే బెంచీలన్నీ మెల్లగా అదరడం మొదలుపెట్టాయి.

వెనక బెంచీలోని లిడియా పెద్దమ్మ ముందుకు వంగింది. సౌభాగ్యమ్మ దగ్గర రవికలు కుట్టించుకునేది ఆమెనే. ఎలిశిబా చెవిలో గుసగుసగా అంది. "దాని లోపల తీగె నువ్వే చుట్టినవట గదా బిడ్డా! ఆరువేల చుట్లట! నీ చేతిల ఒక్క అతుకు గూడ పడి ఉండదు."

సాబెరా ఎలిశిబా ముఖంలోకి చూసింది.

ఎలిశిబా వెనక్కి తిరిగింది. చక్కగా, అందరికీ వినబడేలా చెప్పింది.

"రెండున్నయి పెద్దమ్మా. చీటిల రాసిన."