రెండు ఊపిరుల మధ్య

టైర్లు కీచుమంటాయి!

అంబులెన్స్ పక్కకు ఒరిగి, మళ్లీ నిలదొక్కుకుంటుంది.

మిట్టమధ్యాహ్నపు ఎండ. వెనక అద్దంలోంచి నర్సుకు కనిపిస్తోంది... నల్ల బైక్. హెల్మెట్. వదలడం లేదు!

"బాబాయ్, మెల్లగా! పేషెంట్ తట్టుకోలేడు!"

"మెల్లగా పోతే మనమే పేషెంట్లం అవుతాం తల్లీ!" డ్రైవర్ అరుస్తాడు.

అతని పక్కన కానిస్టేబుల్ పిస్టల్ బయటికి తీస్తాడు.

స్ట్రెచర్ మీద లారీ క్లీనర్. ఒక హత్యను కళ్లారా చూసినవాడు. అందుకే నిన్న అతని ఛాతీలోనూ బుల్లెట్ దింపారు. నోట్లో ఊపిరి గొట్టం. పక్కటెముకల మధ్య నుంచి ఇంకో గొట్టం... కింద నీళ్ల సీసాలోకి. ఛాతీలో చిక్కుకున్న గాలి అందులోంచి బుడగలుగా బయటికి పోవాలి.

నర్సు ఒక చేత్తో, నోట్లోని గొట్టానికి తగిలించిన అంబూ బ్యాగ్ నొక్కుతూ గాలి అందిస్తోంది. ఆపితే ఊపిరి లేదు.

ధడ్!

వెనక తలుపులోంచి దూసుకొచ్చిన బుల్లెట్... సీసా భళ్లున పగిలిపోతుంది!

"గొట్టం మడిచి కట్టెయ్యమ్మా!" అంటాడు కానిస్టేబుల్.

"మడిస్తే గాలి లోపలే ఉండిపోతుంది సార్! చచ్చిపోతాడు!"

సెలైన్ బాటిల్ మూత పంటితో లాగేస్తుంది. గొట్టం కొస అందులో ముంచి, ఛాతీ కంటే కింద, మోకాళ్ల మధ్య ఇరికించుకుంటుంది.

ఒక బుడగ... ఇంకో బుడగ...

హమ్మయ్య!

"ఈ దారి మన ముగ్గురికే తెలుసు," కానిస్టేబుల్ వెనక్కి తిరుగుతాడు. "ఎవరికైనా చెప్పావా?"

ఆమెకు గుర్తొస్తుంది.

పొద్దున తమ్ముడి ఫోన్. భోజనానికి వస్తావా అక్కా అని. "ఎక్కడరా! ఆ సాక్షిని పాత గోడౌన్ల రోడ్డు మీదుగా పెద్దాసుపత్రికి నేనే తీసుకెళ్తున్నా" అంటూ గొప్పలు పోయింది. వాడు ఎవరి దగ్గర వాగాడో!

సిగ్గుతో చెవులు వేడెక్కుతాయి.

"లేదు సార్," అంటుంది.

అప్పుడే... అంబులెన్స్ డివైడర్‌ను గుద్దేస్తుంది!

గాజు పెంకులు. పొగ. "కాలు ఇరుక్కుంది తల్లీ!" అని డ్రైవర్ మూలుగు.

వెనక తలుపు తెరుచుకుంటుంది. ఎదురుగా పిస్టల్. హెల్మెట్ అద్దం పైకి లేస్తుంది.

"తప్పుకో అక్కా."

తమ్ముడు!

"నువ్వా... నువ్వట్రా!"

"నిన్నేం చెయ్యను. దారి చెప్పిందానివి నువ్వేగా! తప్పుకో!"

ఆమె తప్పుకోదు. బ్యాగ్ నొక్కుతూనే, కళ్లు మూసుకుని క్లీనర్‌కు అడ్డంగా వంగుతుంది.

ఢాం!

నొప్పి లేదు.

కళ్లు తెరుస్తుంది. తమ్ముడు ఆమె కాళ్ల దగ్గర కుప్పకూలి ఉన్నాడు. అతని వెనక, ముందు సీట్లోంచి దిగొచ్చి రోడ్డు మీద నిలబడ్డ కానిస్టేబుల్. పిస్టల్‌లోంచి పొగ.

తమ్ముడి ఛాతీలో రంధ్రం. ఊపిరి పీల్చినప్పుడల్లా గాలి అందులోంచే లోపలికి... సుయ్... సుయ్...

ఆమె చెయ్యి అటు సాగబోతుంది. సాగితే బ్యాగ్ ఆగుతుంది.

"సార్! ఆ రంధ్రం మీద అరచెయ్యి పెట్టండి! గట్టిగా!"

కానిస్టేబుల్ కదలడు.

"వీడు నీకేమవుతాడు?"

"నా తమ్ముడు సార్. దారి చెప్పింది నేనే. ఇందాక మీకు అబద్ధం చెప్పాను... మూయండి సార్... మీ కాళ్లు పట్టుకుంటా!"

కానిస్టేబుల్ మోకాళ్ల మీద కూర్చుంటాడు. అరచెయ్యి పెడతాడు.

శబ్దం ఆగుతుంది.

"అక్కా..." తమ్ముడి కళ్లు ఆమె కోసం వెతుకుతాయి.

ఆమె తల తిప్పదు. బ్యాగ్ నొక్కుతూనే ఉంటుంది.