ఆపరేటర్ వేసిన తాళం

పొద్దున పదిన్నరకి చీఫ్ ఫోన్.

"మీ బావ పోయాడు. సీట్లోనే కాల్చేశారు."

ఫోన్ ఎత్తింది ఏజెంట్ నిదానం. దేనికీ తొందరపడడని డిపార్ట్‌మెంట్ అతనికి పెట్టిన పేరది. అక్క మొగుడు సిగ్నల్ స్టేషన్‌లో ఆపరేటర్. శత్రుదేశంలో దాక్కున్న మన ఏజెంట్లకి రహస్య సందేశాలు పంపేది ఆయనే.

"ఏడుపు తర్వాత," అన్నాడు చీఫ్. "అవతల మనవాళ్లు పదకొండు మంది. పన్నెండింటికి ఒక్క నిమిషం రిసీవర్లు ఆన్ చేస్తారు. బయటపడే దారి అప్పుడే చెప్పాలి. రేపటికి సరిహద్దు మూసేస్తారు. సందేశాలు పంపే సర్వీసు ప్రోగ్రామేమో స్టార్ట్ కావడం లేదు. ఆ మెషీన్‌లో అన్నిటినీ తెరిచే రూట్ పాస్‌వర్డ్, మీ బావ తర్వాత నీ ఒక్కడికే ఇస్తున్నా."

ఏసీ మెకానిక్ వేషంలో స్టేషన్ చేరేసరికి పదకొండున్నర. బావ అసిస్టెంట్ తలుపు తీసింది. నీలం పట్టు స్కార్ఫ్, ఖరీదైన సెంటు, ఏడ్చి ఎర్రబడ్డ కళ్లు.

"గది చల్లబడటం లేదా?"

"మనుషులు ఎక్కువయ్యారు."

కోడ్ సరిపోయింది.

శవాన్ని తీసేశారు. కీబోర్డు సందుల్లో నెత్తురు గడ్డకట్టి ఉంది. నిదానం రుమాలుతో తుడిచి, స్టార్ట్ కమాండ్ కొట్టాడు. ఫెయిల్డ్. లాగ్ తెరిచాడు. కీ ఫైలు దగ్గర 'పర్మిషన్ డినైడ్'.

సందేశం మనదేనని ముద్ర వేసేది ఆ ఫైలే. సర్వీసు నడిచేది దాని సొంత అకౌంట్ మీద. ఫైలేమో ఇప్పుడు రూట్ పేరు మీద ఉంది. రూట్ తప్ప ఇంకెవరూ చదవలేరు.

"777 కొట్టేయండి సార్," అందామె భుజం మీదుగా వంగి. "అందరికీ పర్మిషన్ ఇచ్చేస్తే చచ్చినట్టు లేస్తుంది. టైం లేదు."

అందరికీ అంటే ఈ మెషీన్‌లో అకౌంటున్న ప్రతివాళ్లకీ. బావ దగ్గర రెండేళ్లు పనిచేసిన మనిషి అనాల్సిన మాట కాదది.

మెషీన్‌లో ఎవరెప్పుడు ఏం చేశారో చూపే రికార్డు తెరిచాడు నిదానం. 9:40కి సర్వీసు ఆపి, ఫైలు రూట్ పేరు మీదికి మార్చింది బావే. 9:42 నుంచి దాన్ని తెరవడానికి తొమ్మిదిసార్లు ప్రయత్నం. తొమ్మిదిసార్లూ డినైడ్. అకౌంటు అసిస్టెంట్‌ది.

ఆ కీ దొరికితే శత్రువు మన పేరుతోనే తప్పుడు దారి చెప్పొచ్చు. బావ దానికి తాళం వేసి, తూటాకి ఎదురు కూర్చున్నాడు.

"ఏం చూస్తున్నారు సార్?"

"మీ పేరే."

పిస్టల్ మెడకి తగిలింది. "కొట్టు. 777."

"కొడుతున్నా." నిదానం ఒళ్లో ఉన్న స్క్రూడ్రైవర్ని చంక కిందుగా వెనక్కి తిప్పి పిడి నొక్కాడు. మొనలోంచి మత్తు సూది దూసుకెళ్లింది. ఆమె కుప్పకూలింది. తూటా మానిటర్ అంచు చీల్చుకుంటూ పోయింది.

పన్నెండు కొట్టింది. ముందు ఆమె అకౌంటు మూసేశాడు. ఫైలుని సర్వీసు పేరు మీదికి మార్చాడు, చదివే హక్కు దానికొక్కదానికే. స్టార్ట్.

యాక్టివ్.

రిసీవర్లు మూసుకోవడానికి రెండు సెకన్లుండగా సందేశం వెళ్లింది.

'అందింది' అని పది జవాబులొచ్చాయి. పదకొండోది సాయంత్రం దాకా చూసినా రాలేదు.

"మీ అక్కకి యాక్సిడెంటని చెప్పు," అన్నాడు చీఫ్ ఫోన్లో.

"కుర్చీలో కూర్చున్న మనిషికా?" నిదానం టూల్‌బాక్స్ మూసి లేచాడు. "అక్క ముందు ఆ అబద్ధం పది సెకన్లు నిలవదు సార్. డిపార్ట్‌మెంట్‌లోకి బావకి బదులు ఆవిణ్ణి తీసుకోవాల్సింది."