చెంగల్వ పేలాల మూట

ఆ యేడు చలికాలం వస్తుంటే కుముదపురి ప్రజల గుండెల్లో రాయి పడింది. కారణం ధూమకేతుడనే మాంత్రికుడు.

చలి మొదలవగానే ఉత్తరదేశపు పక్షులు శ్వేతసరస్సులో దిగడం ఆ రాజ్యంలో మామూలే. ఆ పక్షులను తన క్షుద్రపూజకు బలి ఇవ్వాలని ధూమకేతుడు సరస్సు నిండా వలలు పన్నాడు. యువరాజు సుధన్వుడు ఊరుకుంటాడా? కత్తి దూసి వలలన్నీ కోసిపారేశాడు. మాంత్రికుడికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"పిట్టలంటే అంత ప్రేమా? అయితే పిట్టవై వాటిలోనే పడి ఉండు! పుష్య పౌర్ణమినాడు పొద్దు గూకేలోగా నిన్నెవరైనా గుర్తుపట్టి పేరుపెట్టి పిలిస్తే సరే. తప్పు పిట్టను పిలిచారా, వాళ్ళూ పిట్టలైపోతారు. పొద్దు గూకిందా, ఇక జన్మలో నువ్వు మనిషివి కావు!" అని శపించాడు.

యువరాజును తెస్తామని ఎందరో వీరులు మీసాలు మెలేసి గుర్రాలెక్కి వెళ్ళారు. అందంగా కనబడ్డ పిట్టనల్లా "సుధన్వా!" అని పిలిచారు. పిలిచినవాడు పిలిచినట్టే రెక్కలు మొలిచి నీళ్ళలో పడ్డాడు. చూస్తుండగానే పుష్య పౌర్ణమి రానే వచ్చింది.

ఆ తెల్లవారుజామున చెంగల్వ రాజుగారి ముందు నిలబడింది. ఆమె యువరాజును పెంచిన దాది కూతురు. ఒకే తల్లి పాలు తాగి పెరిగారు కాబట్టి సుధన్వుడు ఆమెకు పాలతమ్ముడు.

"వద్దు తల్లీ! కొడుకు పోయాడు. నిన్ను కూడా పోగొట్టుకోలేను" అన్నాడు రాజు.

"వాడూ నేనూ ఒకే విస్తట్లో తిన్నాం మహారాజా! మొదటి ముద్ద పక్షులకని పక్కన పెట్టందే వాడు తినేవాడు కాదు. నాకేమో ఆకలి ఆగేది కాదు. ఎన్నిసార్లు తిట్టానో! వాణ్ణి తీసుకురాకుండా మా అమ్మకు మొహమెలా చూపించను?" అంది చెంగల్వ.

రాజు ఆమె తలమీద చెయ్యి వేసి దీవించాడు. చెంగల్వ నడుముకు పేలాల మూట కట్టుకుంది. ఆమె తల్లివైపువాళ్ళు సరస్సు కావలివాళ్ళు. అరుదైన పక్షి కంటబడితే దోసెడు పేలాలు చల్లి, "నీ దారి చల్లగుండ!" అనడం వాళ్ళ ఆచారం.

సరస్సుకు అడవి దాటి వెళ్ళాలి. మంచు దట్టంగా కమ్మి అడుగు దూరం కనిపించడం లేదు. ఆ మంచులోంచి తాటిచెట్టంత చలిభూతం లేచి దారికడ్డంగా నిలబడింది.

"ఎవరే నువ్వు? నా అడవిలో ఒక్క పిట్ట ఉలిక్కిపడి ఎగిరినా నిన్ను నమిలేస్తాను, తెలుసా?"

చెంగల్వ అందెలు తీసి కొంగున ముడివేసుకుంది. ఎండుటాకులు లేని తడినేల చూసుకుంటూ మెల్లగా నడిచింది. ఇంతలో పొదలోంచి కముజు పిట్ట పిల్లలతో వచ్చి ఆమె పాదాల దగ్గరే మేత ఏరుకోవడం మొదలుపెట్టింది. ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంచి చెంగల్వ కొయ్యబారిపోయింది. చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నా, పిల్లలన్నీ దాటిపోయేదాకా ఊపిరి బిగబట్టింది.

భూతం పగలబడి నవ్వింది. "పో, బతికిపోయావు!"

"మరి అంతమంది వీరులు డప్పులు కొట్టుకుంటూ వచ్చారే, వాళ్ళను నమల్లేదేం?" అంది చెంగల్వ కాస్త ధైర్యం వచ్చి.

"వాళ్ళ చేతుల్లో బల్లేలున్నాయి కదే పిల్లా! నేను చెట్టెక్కి కూర్చున్నాను" అని సిగ్గుపడుతూ భూతం మంచులో కలిసిపోయింది.

సరస్సు ఒడ్డున దోనె ఒకటి ఉంది. చెంగల్వ అందులో కూర్చుని నిశ్శబ్దంగా తెడ్డు వేసింది. మంచు విడేకొద్దీ నీళ్ళ మీద వేలవేల పక్షులు కనబడ్డాయి. వీటిలో తమ్ముణ్ణి ఎలా వెతకాలిరా దేవుడా అనుకుని ఆమె నీరుగారిపోయింది.

అంతలో బొల్లికోడి ఒకటి ఈదుకుంటూ దోనె పక్కకు వచ్చి కీచుగా అరిచింది. ఒళ్ళంతా నలుపు, నొసట తెల్లమచ్చ. ఆ సరస్సులో ఎటు చూసినా కనబడే నీటిపిట్ట అది. దాని గోలకు మంచి పక్షులు బెదిరిపోతాయని చెంగల్వ తెడ్డుతో నీళ్ళు చిమ్మి, "హుష్! పో అవతలికి!" అని తోలేసింది.

అప్పటినుంచి ఆమె అదృష్టం పండింది. పొద్దెక్కేసరికి రెల్లు చాటున మంచుకొండల తెల్లకొంగ కనబడింది. కావలివాళ్ళలో తలపండిన ముసలివాళ్ళు కూడా దాన్ని చూసి ఎరగరు. చెంగల్వ పేలాలు చల్లి, పిలుద్దామని నోరు తెరిచి, ఎందుకో ఆగింది.

"ఆగి మంచిపని చేశావు. నేను పుట్టుకతో కొంగనే" అంది తెల్లకొంగ మనిషి గొంతుతో. "మా రెక్కలు కాపాడబోయి శాపం తెచ్చుకున్నాడు ఆ పిల్లవాడు. ఎక్కడున్నాడో చెబితే మాంత్రికుడు నా తల తెంచుతాడు. ఒక్కమాట చెబుతాను, విను. వెతుకుతున్నది ఎవరిని అన్నది మరిచిపోకు."

"మరిచిపోవడమేమిటి? యువరాజును కదా!" అంది చెంగల్వ. కొంగ ఏదో అనబోయి, తల తిప్పుకుని ఎగిరిపోయింది.

మధ్యాహ్నానికి నిప్పురంగు రొమ్ముతో ఒక బాతు కనబడింది. ఆ వెనకే నీలిరెక్కల డేగ. ఒక్కొక్కటీ జన్మకొకసారి కనబడితే గొప్ప అనే పక్షులు. ప్రతిసారీ గుండె ఝల్లుమనడం, పేలాలు చల్లడం, ఇది కాదేమో అని నాలుక కరుచుకోవడం. ఇలా పొద్దు పడమటికి వాలిపోయింది. మూటలో గుప్పెడు పేలాలే మిగిలాయి.

అప్పుడు వచ్చింది ఒక హంస. తలమీద బంగారు తురాయి, మెడలో ముత్యాల పట్టీ, నడకలో రాజఠీవి. చెంగల్వ ఆనందంతో దోనెలో లేచి నిలబడింది. వీడే! యువరాజు ఇంకెలా ఉంటాడు?

"పిలువు మరి! చూడు, సూర్యుడు కొండ అంచు తాకాడు" అని ఒడ్డునుంచి గొంతు వినబడింది. ధూమకేతుడు బండమీద కూర్చుని గడ్డం దువ్వుకుంటున్నాడు.

"సు..." అనబోయిన చెంగల్వ ఆగిపోయింది. పగవాడికి తొందరెందుకు? చివరి గుప్పెడు పేలాలూ నీళ్ళమీద చల్లింది. హంస వాటివైపు కన్నెత్తి కూడా చూడలేదు. ఎక్కడెక్కడి బాతులూ, బొల్లికోళ్ళూ ఎగబడి తినసాగాయి. చివరి మేత కూడా పోయిందని చెంగల్వకు ఏడుపు ముంచుకొచ్చింది.

కన్నీళ్ళలోంచే ఆమె చూసింది. ఆ గుంపులో ఒక బొల్లికోడి ఒక పేలపుగింజను ముక్కున కరుచుకుంది. మింగలేదు. పక్కనున్న తామరాకుమీద జాగ్రత్తగా పెట్టింది. ఆ తరువాతే తినడానికి తల వంచింది.

చెంగల్వ ఒళ్ళు గగుర్పొడిచింది. పొద్దుటినుంచీ తాను యువరాజును వెతికింది. తన విస్తట్లో తిన్న తమ్ముణ్ణి వెతకనేలేదు.

"దాని మొహం చూశావా? కాకిలా ఉంది! హంసను పిలువు!" అని మాంత్రికుడు అరిచాడు. సూర్యుడు గోరంత మిగిలాడు.

"సుధన్వా! తమ్ముడూ!" అని చెంగల్వ గొంతు చించుకుని అరిచి, బొల్లికోడివైపు రెండు చేతులూ చాచింది.

సరస్సు అంతా తెల్లగా మెరిసింది. మెడలోతు నీళ్ళలో సుధన్వుడు నిలబడి వణుకుతున్నాడు. మాయహంస పొగై పోయింది. మాంత్రికుడి మంత్రం మాంత్రికుడికే తగిలి, అతడూ పొగై ఆఖరి ఎండలో కరిగిపోయాడు. బాతులై తిరిగిన వీరులందరూ మనుషులై, మీసాలకంటిన నాచు దులుపుకుంటూ ఒడ్డుకు చేరారు.

దోనెలోకి లాగిన తమ్ముణ్ణి చెంగల్వ కొంగుతో తుడిచింది. "ఏరా, ఒక్కసారి నా దగ్గరికి రాలేకపోయావా?"

"పొద్దున్నే వచ్చానక్కా. దోనె పక్కనే అరిచాను. హుష్ అని నీళ్ళు కొట్టావు."

చెంగల్వ అతణ్ణి గట్టిగా పట్టుకుని భోరున ఏడ్చింది.

రాజు అర్ధరాజ్యం ఇస్తానంటే ఆమె శ్వేతసరస్సు కావలి అడిగి తీసుకుంది. సుధన్వుడు రాజయ్యాక ఆ నీళ్ళలో వల అన్నమాటే వినబడలేదు. ప్రతి చలికాలమూ దూరదేశాల వింతపక్షులను చూడ్డానికి జనం అక్కడికి వచ్చేవాళ్ళు. వాళ్ళు ఎంత తొందరపడినా చెంగల్వ దోనె కదలనిచ్చేది కాదు. మొదటి దోసెడు పేలాలు ఒడ్డున ఈదే బొల్లికోళ్ళకు చల్లించి, అవి తినేదాకా చూసి, ఆ తరువాతే తెడ్డు అందుకునేది.